పిన్నిని ‘మీరు’ అన్నవాడు

గత శ్రావణమాసంలో ఒక ఆదివారం పొద్దున్నే మా పిన్ని ఫోన్ చేసింది. చీరాల పక్కన పల్లెలో ఉంటుంది. ఎప్పుడూ "తిన్నావా?" అని మొదలుపెట్టే మనిషి, ఆరోజు అదేం లేకుండా "ఏరా, నామీద ఏమన్నా కోపమొచ్చిందా?" అంది. లేదే, ఏమైందన్నాను. "మరి రాత్రి నన్ను మీరు మీరు అంటా మెసేజీ పెట్టావేంది? నేనేమన్నాను నిన్ను?"

నేను ఏ మెసేజీ పెట్టలేదు. మనవడి చేత స్క్రీన్‌షాట్ పంపించింది. మా కాలేజీ వార్షికోత్సవంలో శాలువా కప్పుకుని నిలబడ్డ నా ఫోటో, నా పేరు, ఒంగోలు, చరిత్ర అధ్యాపకుడు. అన్నీ నావే. కింద మాత్రం "హాయ్, మీరు ఎలా ఉన్నారు? మీ వాట్సాప్ నంబర్ పంపగలరు" అని ఉంది. పుట్టినప్పటి నుంచి పిన్నిని ‘నువ్వు’ అంటున్నవాణ్ణి. ఒక్కసారిగా ‘మీరు’ అంటే మా ఇళ్లల్లో దానికి ఒకటే అర్థం, అలిగారని.

ఆ దొంగ ఫేస్‌బుక్ ఖాతా తెరిచి అప్పటికి రెండు రోజులైంది. నా మిత్రుల్లో అరవై మంది దాకా ‘ఇదేంటి, మళ్లీ రిక్వెస్టు పెట్టాడు’ అనుకుంటూనే ఒప్పుకున్నారు. కథ మీకు తెలిసిందే. సీఆర్‌పీఎఫ్‌లో పనిచేసే స్నేహితుడికి ట్రాన్స్‌ఫర్ అయింది, సోఫా, ఫ్రిజ్, ఏసీ అన్నీ కొత్తవే, సగం ధరకు ఇచ్చేస్తున్నాడు, నాకు నమ్మకస్తుడు. కాసేపటికి యూనిఫాం ఫోటో ఉన్న ఇంకో నంబరు నుంచి సామాను ఫోటోలు వస్తాయి.

మధ్యాహ్నానికల్లా అందరికీ చెప్పేశాననుకున్నాను. సాయంత్రం మా కాలేజీలో లెక్కలు చెప్పే మాస్టారు ఇంటికొచ్చారు. కుర్చీలో కూర్చుని, కాఫీ తాగి, టీవీలో ఏదో వస్తుంటే కాసేపు చూసి, అప్పుడు చెప్పారు. శనివారం రాత్రి 18,000 అడ్వాన్సు, గంట తర్వాత లారీ ఖర్చు కింద ఇంకో 20,000. మొత్తం 38,000.

ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య నాలుగు వీధులు. "నాకొక్క ఫోన్ చేయాల్సింది కదా సార్" అన్నాను. ఆయన చెప్పిన జవాబు నన్ను ఇప్పటికీ వదల్లేదు. "చేద్దామనే అనుకున్నాను సార్. చేస్తే, మీ మాట మీద నమ్మకం లేదనుకుంటారేమోనని ఆగాను."

నాకు మర్యాద ఇవ్వబోయి, నా మొహం తగిలించుకున్న ఎవడికో 38,000 ఇచ్చారాయన.

గుర్తుపట్టింది ఎవరు?

ఆ తర్వాత వారం రోజులు స్టాఫ్ రూములో నేను పిన్ని కథనే చెప్పుకు తిరిగాను. చూశారా మన భాష గొప్పతనం, ‘మీరు’, ‘నువ్వు’ తేడాతో దొంగ దొరికిపోయాడు, ఇంగ్లీషులో అయితే ఒకటే ‘యూ’ కదా, అని. అందరూ తలలూపారు. మాస్టారు మాత్రం పేపరు దిద్దుకుంటూ తల ఎత్తలేదు.

తర్వాత ఆలోచిస్తే నేను చెప్పుకు తిరిగినదాంట్లో ఒక అబద్ధం ఉంది. పిన్ని దొంగని గుర్తుపట్టలేదు. ఆ మెసేజీ నేనే పెట్టానని నూటికి నూరుపాళ్లు నమ్మింది. నమ్మింది కాబట్టే కోపమొచ్చి, పోట్లాడదామని నాకు ఫోన్ చేసింది. ఆ ఫోనే ఆవిణ్ణి కాపాడింది. మాస్టారు కూడా పిన్ని నమ్మినంతే నమ్మారు, ఎక్కువేం కాదు. ఆవిడ చేసిన ఫోను ఈయన చేయలేదు.

అందుకే ‘దొంగ ప్రొఫైలును గుర్తించడం ఎలా’ అనే సలహాల మీద నాకు ఈమధ్య నమ్మకం తగ్గింది. ఖాతా కొత్తదా, ఫోటోలు ఎన్ని ఉన్నాయి, తెలుగు తప్పుల్లేకుండా ఉందా, ఫోటోను వెతికితే ఇంకెక్కడైనా దొరుకుతుందా. చూడొద్దని అనను. పెళ్లి సంబంధాల సైట్లో పరిచయమై, విదేశంలో డాక్టరునని చెప్పే అబ్బాయి ఫోటోను ఒకసారి వెతకడం వల్ల ఎవరి ఇల్లయినా నిలబడితే మంచిదే. కానీ నా దొంగ ఖాతాలో ఫోటో నాదే. వెతికితే నా అసలు ఖాతాయే దొరుకుతుంది. ఆ పరీక్షలో వాడు మొదటి మార్కుతో పాసవుతాడు.

భాష పరీక్ష కూడా ఎక్కువకాలం నిలవదు. ఫోన్లోని అనువాద యంత్రం ఇప్పటికే నా విద్యార్థుల కంటే తప్పుల్లేకుండా రాస్తోంది. ‘మీరు’ ఎక్కడ అనాలో ‘నువ్వు’ ఎక్కడ అనాలో దానికి ఇంకా సరిగ్గా తెలియకపోవచ్చు, కానీ ఆ తేడా తెలిసిన మనుషులే అవతల కూర్చుంటే? 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లను ఏజెంట్లు కంబోడియాకు పంపారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని ఈ మోసాలే చేయించారు. ఆ నెలలోనే అక్కడి సిహనౌక్‌విల్ నగరంలో వందలమంది భారతీయులు తిరగబడితే, కొందరు విశాఖ విమానాశ్రయంలో దిగి ఊపిరి పీల్చుకున్నారు. అలాంటి చోట్ల నుంచి బయటపడ్డవాళ్లు చెప్పినదాంట్లో ఆడవాళ్ల ఫోటోలతో ఖాతాలు తెరిపించడం, రోజుకింత అని టార్గెట్లు పెట్టడం ఉన్నాయి. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు నుంచి ఐదువందల మందికి పైగా భారతీయుల్ని సైనిక విమానాల్లో తెచ్చారు. వాళ్లలోనూ తెలుగువాళ్లున్నారు. అంటే దొంగ మొహం వెనక శ్రీకాకుళం యాసలో అమ్మని తలుచుకుని ఏడ్చే కుర్రాడు కూడా ఉండొచ్చు. వాడు ‘పిన్నీ’ అంటే అచ్చం మనవాడిలాగే ఉంటుంది.

మొహం సంగతి సరేసరి. 2023లో కోజికోడ్‌లో రిటైరైన ఒక పెద్దాయనకు వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చింది. ఆంధ్రలో తనతో ఒకప్పుడు కలిసి పనిచేసిన స్నేహితుడి మొహమే. బంధువుకు ఆపరేషన్ అంటే 40,000 పంపారు. అది ఏఐతో తయారుచేసిన మొహం. నాకు ఆ కేసులో ఆసక్తి కలిగించింది మోసం కాదు, అది ఆగిన చోటు. ఇంకో 35,000 అడిగేసరికి ఆయనకు అనుమానమొచ్చి, తన దగ్గరున్న పాత నంబరుకు ఫోన్ చేశారు. అసలు స్నేహితుడు హాయిగా ఎత్తాడు. వీడియోలో కనురెప్పలు సరిగ్గా కొట్టుకుంటున్నాయా లేదా అని ఆయన చూడలేదు. చూసినా మనకేం తెలుస్తుంది?

ఎవరి తాలూకు?

నా చిన్నప్పుడు మా ఊళ్లోకి కొత్త మనిషి వస్తే అరుగు మీద కూర్చున్న ముసలాళ్లు పేరు అడిగేవాళ్లు కాదు. "ఏ ఊరు? ఎవరి తాలూకు?" అనేవాళ్లు. ఫలానా వాళ్ల అల్లుణ్ణనో, ఫలానా ఆయన పంపాడనో చెప్పాలి. వెంటనే ఒక పిల్లాణ్ణి ఆ ఫలానా ఇంటికి తోలేవాళ్లు, "మీ ఇంటికి చుట్టమొచ్చాడు" అని. అది మర్యాదలాగే కనిపించేది. నిజానికి అదే వెరిఫికేషన్. (ఆ ప్రశ్నతో కులం కూడా కూపీ లాగేవాళ్లని తెలుసు. ఆ కాలం మళ్లీ రావాలని నేనేం కోరుకోవడం లేదు.)

అక్కడ గమనించాల్సింది, వచ్చినవాణ్ణి వాడి గురించే అడిగి ఊరుకోలేదు. పిల్లాణ్ణి వేరే దారిలో పంపారు. వాడు చెప్పిన మాటను వాడికి సంబంధం లేని దారిలో వెళ్లి కనుక్కున్నారు.

నా దొంగ ఖాతా ఆ ‘ఎవరి తాలూకు’ను కూడా దొంగిలించింది. అరవై మంది మిత్రులు ఒప్పుకోవడంతో అరవై మంది ఇళ్ల పేర్లు చెప్పుకున్నట్టయింది వాడికి. మాస్టారు అదీ చూశారట. "మన ప్రిన్సిపాల్ గారు కూడా ఫ్రెండ్ లిస్టులో ఉన్నారు సార్, ఇంకేం అనుమానిస్తాం?" రిక్వెస్టు వస్తే ఆలోచించకుండా ఒప్పేసుకునే ఆ చిన్న పని, మనకు తెలియకుండానే వేరేవాళ్ల దగ్గర సాక్షి సంతకం పెట్టడమే.

మాస్టారు ఇంకొకటి కూడా చూశారు. డబ్బు పంపే ముందు యూపీఐలో ఖాతాదారు పేరు వస్తుంది కదా. బ్యాంకులో ఉన్న అసలు పేరే చూపించాలని 2025 జూన్ చివరి నుంచి నిబంధన కూడా ఉంది. ఆయనకు ఒక ఆడమనిషి పేరు కనిపించింది. నా స్నేహితుడి పేరు కాదు. "చూశాను సార్. వాళ్ల ఆవిడ అకౌంటేమో అనుకున్నాను." ఈ నాటకం మొత్తంలో నిజమైన పేరు అదొక్కటే. కమీషన్‌కు ఖాతా అద్దెకిచ్చిన ఎవరో. ఆ ఒక్క నిజాన్ని దొంగ వివరించాల్సిన అవసరం కూడా రాలేదు. మాస్టారే ఆవిడకు సీఆర్‌పీఎఫ్ జవానుతో పెళ్లి చేసేశారు.

ఇది తెలివితక్కువతనం అనుకునేవాళ్లు ఉంటారు. ఆయన ముప్పై ఏళ్లుగా పిల్లలకు ‘ఇచ్చినదేమిటి, నిరూపించాల్సినదేమిటి’ అని బోర్డు మీద రెండు గళ్లు గీసి చెప్పే మనిషి. ఆ రాత్రి కూడా ఆయన తర్కం తప్పలేదు. ‘ఇచ్చినది’ అనే గడిలో నా పేరు రాసుకున్నారు, అంతే. అక్కడినుంచి ప్రతి మెట్టూ సరిగ్గానే ఎక్కారు.

సార్ అనే అలవాటు

తెలిసినవాళ్ల మొహంతో వచ్చే దొంగ దగ్గర కనీసం పోల్చుకోవడానికి మన దగ్గర అసలుది ఒకటి ఉంది. అధికారిగా వచ్చేవాడి దగ్గర అదీ లేదు. ముంబై పోలీసు అధికారి వీడియో కాల్‌లో ఎలా మాట్లాడతాడో ఒంగోలులో ఎవరికి తెలుసు? పైగా హిందీలోనో ఇంగ్లీషులోనో గదమాయిస్తాడు. మనకు సగమే అర్థమవుతుంది, మిగతా సగాన్ని భయంతో పూరించుకుంటాం. ‘సార్’ అనే మాట మన నోట్లోంచి దానంతటదే వస్తుంది.

డబ్బూ హోదా ఉన్నవాళ్లు ఏమీ తేడాగా లేరు. 2024లో వర్ధమాన్ గ్రూపు ఛైర్మన్ ఎస్.పి. ఓస్వాల్ దగ్గర 7 కోట్లు కాజేసినవాళ్లు ఏకంగా సుప్రీంకోర్టు విచారణనే ఆన్‌లైన్లో నటించి చూపించారు, ప్రధాన న్యాయమూర్తి పేరుతో సహా. దేశం మొత్తమ్మీద ఆ ఒక్క ఏడాదిలో సైబర్ మోసాల్లో పోయిన సొమ్ము 22,845 కోట్లని కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు చెప్పింది. అక్టోబరులో ప్రధాని మన్ కీ బాత్‌లో డిజిటల్ అరెస్ట్ గురించి, అంటే వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామని బెదిరించి డబ్బు గుంజడం గురించి మాట్లాడారు. కాలర్ ట్యూన్లు వచ్చాయి. ఆ కాలర్ ట్యూన్ మీద నాకొక చిన్న ఫిర్యాదు. అది మనం ఎవరికైనా ఫోన్ చేస్తున్నప్పుడు మోగేది. మోసం జరిగేది మనకు ఫోన్ వచ్చినప్పుడు.

నిజమైన ఆఫీసులు కూడా దొంగల్లాగే ప్రవర్తిస్తుంటే జనం తేడా ఎలా కనుక్కుంటారన్నది నా అసలు గోడు. ఒకసారి నా ఖాతా ఉన్న బ్యాంకు నుంచి అంటూ ఒకమ్మాయి మామూలు మొబైల్ నంబరుతో ఫోన్ చేసి, వెరిఫికేషన్ కోసం పుట్టిన తేదీ చెప్పమంది. ముందు మీరెవరో నాకెలా తెలుస్తుందమ్మా అంటే, "బ్యాంకు నుంచి అని చెప్పాను కదా సార్" అని విసుక్కుంది. పెట్టేసి మర్నాడు బ్రాంచికి వెళ్తే, నిజంగానే వాళ్ల ఉద్యోగే. నేను చేసింది సరైన పనని అక్కడ ఎవరూ అనలేదు. ‘ఈ సారుకి అనుమానం ఎక్కువ’ అన్నట్టు చూశారు. బ్యాంకులు ఇలాంటి కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెబుతోంది. అది పూర్తిగా అమలై, నలుగురికీ అలవాటైతే కొంత నయం. పోలీసు నోటీసులు వాట్సాప్‌లో పంపితే చెల్లవని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టంగా చెప్పింది. నా దృష్టిలో ఇది వంద అవగాహన సదస్సుల పెట్టు. అసలువాడు ఈ దారిలో రాడు అని తేలితే, ఆ దారిలో వచ్చినవాడి మొహం, యూనిఫాం, హాలు, జడ్జి ఏదీ చూడక్కర్లేదు.

అడిగితే ఏమవుతుంది

ఇంతదాకా చదివినవాళ్లకు నేను నెపం బాధితుల మొహమాటం మీదికి నెడుతున్నట్టు అనిపించవచ్చు. రాస్తున్నప్పుడు నాకూ అనిపించింది. సిమ్ కార్డులు గంపగుత్తగా అమ్మేవాళ్లు, ఖాతాలు అద్దెకిచ్చేవాళ్లు, కుర్రాళ్లను సరిహద్దులు దాటించే ఏజెంట్లు, ఇందరుండగా మాస్టారి మంచితనాన్ని బోనులో నిలబెట్టడం ఏం న్యాయం? పైగా మొహమాటం అనేది ఏదో జబ్బు కూడా కాదు. నాలుగు వీధుల అవతల ఉన్న మనిషి మాటను గౌరవించడమే కదా. ఆ గౌరవం లేని ఊళ్లో నేను ఉండలేను.

అడగడానికి ఖర్చు లేదనీ అనలేను. ఆర్నెల్ల కిందట రాత్రి పదకొండింటికి తెలియని నంబరు నుంచి ఫోన్. "ఒరే, నేన్రా. అమ్మని హాస్పిటల్లో చేర్చాం. నా ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. ముప్పై వేలు ఈ నంబరుకి పంపగలవా?" హైదరాబాద్‌లో ఉండే నా డిగ్రీ రూమ్మేటు గొంతులాగే ఉంది. కొత్త నంబరు, అర్ధరాత్రి, ఆసుపత్రి, తొందర. హెచ్చరికల్లో చెప్పే లక్షణాలన్నీ వరసగా ఉన్నాయి. ఒక్క నిమిషం అని పెట్టేసి వాడి పాత నంబరుకు చేశాను, స్విచాఫ్. వాళ్ల ఆవిడకు చేశాను, ఎత్తలేదు. మళ్లీ ఆ నంబరుకే చేసి, "మన హాస్టల్ రూమ్ నంబరెంతరా?" అన్నాను.

కాసేపు అటునుంచి ఏం వినపడలేదు. "పదిహేడు. ఇంకేమన్నా అడుగుతావా?"

వెంటనే పంపాను. వాళ్లమ్మ కోలుకుంది, డబ్బు తిరిగొచ్చింది, వాడు ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్లు తిడితే బాగుండేదని నాకు ఇప్పటికీ ఉంది.

అయినా రేపు అలాంటి ఫోనొస్తే మళ్లీ అడుగుతాను. కాకపోతే ఇప్పుడు అడగడం కంటే అడిగించుకోవడం నేర్చుకోవాలనుకుంటున్నాను. మాస్టారు నాకు ఫోన్ చేయకపోవడంలో ఆయన మొహమాటం ఎంతుందో, నా తప్పూ అంతే ఉంది. ‘నన్నే అనుమానిస్తావా’ అని మొహం మాడ్చుకునే రకంగా నేను ఆయనకు ఏనాడో కనిపించి ఉంటాను. మా ఇళ్లలో, ఆఫీసుల్లో పెద్దవాళ్లం, పై అధికారులం అందరం ప్రశ్న అడిగితే అవమానం అనుకునేలా బతుకుతుంటే, మా పేరు పెట్టుకున్న దొంగకు దారి మేమే వేసి ఉంచినట్టు. క్లాసులో, వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పుడు ఒకటే చెబుతున్నాను. నా పేరుతో డబ్బు మాట వస్తే అర్ధరాత్రయినా నాకు ఫోన్ చేయండి, విసుక్కోను. ఈ నాలుగు నెలల్లో ఇద్దరు చేశారు. ఒకసారి కొంచెం విసుక్కున్నాను కూడా, నిద్రలో ఉన్నాను.

మాస్టారు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి సోమవారం సాయంత్రం గానీ ఫోన్ చేయలేదు. ఆదివారం రాత్రి ఇంట్లో ఎలా చెప్పాలో తేలక ఆగారట. అప్పటికి ఆ ఖాతాలో ఏమీ మిగల్లేదు. మొదటి గంటలోనే చెప్పి ఉంటే ఎక్కడో ఒకచోట ఆగేదేమో. పోయిన సొమ్ములో సగం నేనిస్తానన్నాను. నా మొహం చూసే కదా ఇచ్చింది. ఆయన ససేమిరా అన్నారు. అప్పటినుంచి మా ఇద్దరి మధ్య ‘మీరు’ ఇంకొంచెం గట్టిపడింది.

పోయిన వారం నా ఫోన్ రిపేరుకిచ్చి, అటెండరు ఫోన్ తీసుకుని పిన్నికి చేశాను. ఆదివారం వస్తున్నా, చేపల పులుసు చేయమని చెప్పడానికి.

"ఎవరూ?"

"నేనే పిన్నీ."

"నేనే అంటే?"

పేరు చెప్పాను. "పేరు ఎవుడైనా చెప్తాడు. అమ్మమ్మ ఇంటికాడ మన గేదె పేరేంది?"

నలభై ఏళ్ల కిందటి గేదె. తెల్లమచ్చ గుర్తొచ్చింది, కుడితి తొట్టి గుర్తొచ్చింది, పేరు మాత్రం రాలేదు. తెలీదు పిన్నీ అన్నాను. టక్కున పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

సాయంత్రం ఫోన్ చేతికొచ్చాక నా నంబరు నుంచి చేశాను. పొద్దున ఎవడో దొంగ వెధవ నా పేరు చెప్పుకుని చేపల పులుసు అడిగాడని చెప్పింది. అది నేనేనని ఒప్పించడానికి పది నిమిషాలు పట్టింది. చివరికి గేదె పేరు చెప్పి, ఈసారన్నా గుర్తుపెట్టుకోమంది. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు.